వైట్ ఎంత, బ్లాక్ ఎంత అన్నచోట ఫ్లాటును మొత్తం వైట్‌లోనే కొనడం ఎలా?

ఫ్లాటు నచ్చింది. వంటింట్లోకి వెలుతురు బాగా వస్తోంది, మంజీరా నీళ్లు కూడా ఉన్నాయట. బేరం 80 లక్షల దగ్గర ఆగింది. అప్పుడు మధ్యవర్తి జేబులోంచి పెన్ను తీసి, చేతికి దొరికిన బ్రోచరు వెనక ‘55 + 25’ అని రాస్తాడు. లక్షలు అని కూడా రాయడు. ఆ 25 చుట్టూ ఒక సున్నా చుట్టి, గొంతు తగ్గించి, “ఇది మాత్రం చేతిలో పెట్టాలి సార్” అంటాడు. 55 దస్తావేజులో చూపే వైట్, 25 లెక్కల్లోకి రాని నగదు, అంటే బ్లాక్.

ఇంటి రుణాల కాగితాలు ఏళ్ల తరబడి చూసినవాణ్ని కాబట్టి, ఆ రాత్రికి నాకు ఫోను వస్తుంది. అడిగేది ఎప్పుడూ ఒకటే. “అందరూ ఇలాగే కొంటున్నారు కదా, మాకూ రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుంది కదా, ఇచ్చేయమంటారా?” ఇవ్వవద్దంటాను. వద్దనడం తేలికే, బేరం చెడకుండా ఎలా వద్దనాలన్నదే కష్టం. అది అడుగడుగుగా చెప్తాను. పాత ఫ్లాటు, ఇల్లు, ఇంటి స్థలం కొనేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి కాబట్టి, అంకెలు వల్లించకుండా పని మాత్రమే చెప్తాను.

దగ్గర ఉంచుకోవాల్సినవి

మీ పాన్, ఆధార్. అమ్మేవారి పాన్, ఆధార్ నకళ్లు (యజమానులు ఇద్దరుంటే ఇద్దరివీ). వారు ఆ ఆస్తి కొన్నప్పటి దస్తావేజు నకలు. తాజా ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం). మీ బ్యాంకు ఖాతాలో నెట్ బ్యాంకింగ్, చెక్కు పుస్తకం. ఒక తెల్ల కాగితం. మొదటి పని ఆ కాగితం మీదే.

1. లెక్క వేయండి

మధ్యవర్తి చెప్పే లాభం నోటిమాటగా బాగానే ఉంటుంది. కాగితం మీద పెడితే వేరుగా కనిపిస్తుంది. పై ఉదాహరణే తీసుకుందాం. అసలు ధర 80 లక్షలు, దస్తావేజులో 55, నగదు 25.

స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం. 25 లక్షలను దాచినందుకు మీకు మిగిలేది 1,87,500 రూపాయలు.

అమ్మేవారికి మిగిలేది ఎంత? ఆస్తి రెండేళ్లకు పైగా వారి చేతిలో ఉంటే దీర్ఘకాలిక మూలధన లాభంపై పన్ను 12.5 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. అంటే 25 లక్షల మీద 3,25,000 రూపాయలు. సర్‌చార్జీ పడేంత ఆదాయం ఉన్నవారైతే ఇంకాస్త ఎక్కువ.

రేపు మీరు అదే ఫ్లాటును కోటి రూపాయలకు మొత్తం వైట్‌లో అమ్మారనుకోండి. మీరు 80కి కొన్నారని మీకు తెలుసు, చట్టానికి తెలియదు. దానికి తెలిసింది 55 మాత్రమే. మీ లాభం 20 లక్షలు కాదు, 45 లక్షలు అంటుంది. ఆ అదనపు 25 లక్షల మీద ఇప్పటి రేటు ప్రకారం పన్ను 3,25,000. చూశారా, అమ్మేవారు ఎగ్గొట్టిన పన్ను ఎక్కడికీ పోలేదు. ఫ్లాటుతో పాటు మీ పేరు మీదికి బదిలీ అయింది. మీరు 1,87,500 మిగుల్చుకుని 3,25,000 నెత్తిన పెట్టుకున్నారు.

ఇక బ్యాంకు రుణం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు రుణాలకు ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నియమం. మొత్తం వైట్ అయితే 80 మీద 64 లక్షల దాకా రావచ్చు. మీ చేతి నుంచి 16 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 6 లక్షలు, మొత్తం 22. అదే 55 అయితే రుణం 44 లక్షలే. మీ చేతి నుంచి 11, నగదు 25, రిజిస్ట్రేషన్‌కు సుమారు 4.12. మొత్తం 40 లక్షలు దాటింది. ఉద్యోగస్తుడి దగ్గర అంత ఎక్కడుంటుంది? బంగారం తాకట్టు పెట్టో, బామ్మర్దిని అడిగో తేవాలి. ఆ వడ్డీ లెక్కలోకి వేసుకుంటే మిగిలిందనుకున్న 1,87,500 ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే చూసుకోండి.

ఈ కాగితం పారేయకండి. బేరంలో ఇదే మీ ఆయుధం.

2. ప్రభుత్వ విలువ చూడండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో ఊరు, ప్రాంతం, డోర్ నంబరు లేదా సర్వే నంబరు ప్రకారం మార్కెట్ విలువ కనిపిస్తుంది. అదే పట్టిక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనూ దొరుకుతుంది.

ఈ పేరే గందరగోళం పెడుతుంది. ‘మార్కెట్ విలువ’ అంటే మార్కెట్లో పలికే ధర కాదు, డ్యూటీ లెక్కకు ప్రభుత్వం పెట్టిన కనీస విలువ. “ప్రభుత్వ విలువకే రిజిస్ట్రేషన్ చేస్తారు, అంతకు మించి రాయనివ్వరు” అని మధ్యవర్తి చెప్తే నమ్మకండి. మీరు రాసిన ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద డ్యూటీ కట్టించుకుంటారు. ఎక్కువ రాస్తే వద్దనే సబ్ రిజిస్ట్రార్ ఎక్కడా లేడు.

తక్కువ రాస్తే మాత్రం చిక్కు. ప్రభుత్వ విలువ మీ ధర కంటే 10 శాతానికీ, 50 వేలకూ మించి ఎక్కువగా ఉంటే ఆ తేడాను మీ ఆదాయంగా లెక్కగట్టి పన్ను అడుగుతారు. నిజంగానే చవకగా దొరికినా సరే.

3. అమ్మేవారికి నగదు ఎందుకో కనుక్కోండి

చాలామంది ఈ అడుగు దాటేసి నేరుగా వాదనకు దిగుతారు. నగదు అడిగేవారందరూ ఒకే కారణంతో అడగరు.

ఒకటి, అలవాటు. పక్క ఫ్లాటు అలా అమ్మారు కాబట్టి మేమూ అడుగుతున్నాం అనేవారు. అసలు పన్ను ఎంత పడుతుందో వీరు ఎప్పుడూ లెక్క వేసి ఉండరు. అమ్మిన డబ్బుతో మరో ఇల్లు కొంటున్నారేమో అడగండి. ఇల్లు అమ్మిన లాభాన్ని రెండేళ్లలో మరో ఇంటి మీద పెడితే, లేదా మూడేళ్లలో కట్టుకుంటే, ఆ మేరకు పన్ను ఉండదు. అమ్మకానికి ఏడాది ముందు కొన్న ఇల్లయినా సరే. ఇల్లు వద్దనుకుంటే ఆరు నెలల్లో ప్రత్యేక బాండ్లలో 50 లక్షల దాకా పెట్టవచ్చు. పన్నే పడనివారు నగదు కోసం పట్టుబట్టడం నేను చాలాసార్లు చూశాను. ఒక్కసారి ఆడిటర్‌ను అడిగి రమ్మంటే మనసు మార్చుకున్నవారూ ఉన్నారు.

రెండు, పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ నాన్నగారు పవర్ ఆఫ్ అటార్నీతో అమ్మడం. ఇక్కడ బేరం మీదే. డాలర్లుగా మార్చి అక్కడికి పంపాలంటే బ్యాంకు దస్తావేజు అడుగుతుంది, పన్ను కట్టిన కాగితం అడుగుతుంది. సంచిలోని నగదు అక్కడికి వెళ్లదు. ఆ మాట మర్యాదగా గుర్తు చేయండి చాలు.

మూడు, అన్నిటికంటే నిజాయితీ గల కారణం. “నేను కొన్నప్పుడు నేనూ బ్లాక్ ఇచ్చాను. నా దస్తావేజులో 20 లక్షలే ఉంది. ఇప్పుడు 80 చూపిస్తే నాకు 60 లక్షల లాభం కనిపిస్తుంది, నిజంగా నాకు వచ్చింది 30 కూడా లేదు.” ఈయన అబద్ధం చెప్పడం లేదు. మొదటి అడుగులో మీకు రాబోతుందన్న గతి ఈయనకు ఇప్పటికే వచ్చింది. తన చేతిలోని బరువును మీ చేతిలోకి మార్చాలని చూస్తున్నాడు. జాలి పడండి, కానీ అందుకోకండి. ఆయన ఆస్తి 2024 జూలై 23కు ముందు కొన్నదైతే ఒక దారి ఉంది. ద్రవ్యోల్బణం లెక్కతో కొన్న ధరను పెంచి 20 శాతం కట్టడం, పెంచకుండా 12.5 కట్టడం, రెండింటిలో ఏది తక్కువైతే అది ఎంచుకోవచ్చు. మన దేశంలో నివసించే వ్యక్తులకు ఈ వెసులుబాటు ఉంది.

4. బేరం ఇలా తిప్పండి

“బ్లాక్ ఇవ్వను, అది నేరం” అని మొదలుపెడితే ఎదుటి మనిషి ముఖం మాడుతుంది, అక్కడితో బేరం పోతుంది. “నాకు బ్యాంకు లోను కావాలండీ, పూర్తి ధర రాస్తేనే వస్తుంది” అనండి. నిజమే కదా. తప్పును మనిషి మీద పెట్టకుండా బ్యాంకు మీద పెడితే ఇద్దరి గౌరవమూ నిలుస్తుంది.

అప్పటికీ ఒప్పుకోకపోతే ధరలో కదలండి. “మీకు పడే పన్నులో సగం నేను భరిస్తాను, 81.5 లక్షలు, మొత్తం చెక్కు.” మీకు లక్షన్నర ఎక్కువైంది, డ్యూటీ కాస్త పెరిగింది. కానీ ఆ 81.5 అంతా మీ దస్తావేజులో ఉంటుంది, రేపు అమ్మేటప్పుడు మీ కొన్న ధరగా నిలుస్తుంది. ఇది కుదిరిన బేరాలూ చూశాను, కుదరనివీ చూశాను. కుదరకపోతే లేచి రండి. ఫ్లాట్లకు కరువు లేదు.

‘సగం దారి’ పేరుతో వచ్చే రెండు సలహాలకు మాత్రం ఒప్పుకోకండి.

మొదటిది, బ్యాంకుకు చూపే అగ్రిమెంటులో 80, రిజిస్ట్రేషన్ దస్తావేజులో 55. లోనూ ఎక్కువ వస్తుంది, డ్యూటీ కూడా తగ్గుతుందని ఆశపెడతారు. రెండు కాగితాలు రెండు మాటలు చెప్తాయి, రెండింటి మీదా ఉన్నది మీ సంతకమే.

రెండోది, నగదు భాగానికి ‘చేబదులు’ అని ప్రామిసరీ నోటు, పైగా ఒక ఖాళీ చెక్కు. మీరు తీసుకోని అప్పుకు మీరే సాక్ష్యం రాసిచ్చినట్టు.

5. అడ్వాన్సు, అగ్రిమెంటు

బయానా అనండి, అడ్వాన్సు అనండి, స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదు. 2015 జూన్ నుంచి ఉన్న నియమం ఇది. మీరితే తీసుకున్నంత మొత్తం జరిమానా, అదీ తీసుకున్నవారికి. బేరం చెడి తిరిగి ఇచ్చేటప్పుడూ నగదు కుదరదు. కాబట్టి మొదటి రూపాయి నుంచే ఖాతా నుంచి ఖాతాకు పంపండి. మంచి రోజని చేతిలో పెట్టాలనుకుంటే 1,116 పెట్టి, దానికీ రసీదు రాయించుకోండి.

అగ్రిమెంటులో పూర్తి ధర అంకెల్లో, అక్షరాల్లో రాయించండి. ఏ తేదీన ఎంత, ఏ చెక్కు నంబరు లేదా యూటీఆర్ (బ్యాంకు బదిలీ) నంబరుతో వెళ్లిందో రాయించండి. లోను రాకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో, ఏ ఖాతాకు తిరిగి వేయాలో కూడా.

నగదు ముందుగా ఇస్తే ఏమవుతుందో మా అన్నయ్యను చూసి తెలుసుకున్నాం. స్థలం కొంటూ, రిజిస్ట్రేషన్‌కు ముందు రాత్రి తొమ్మిది లక్షలు ఇచ్చి వచ్చాడు. భోజనాల బల్ల మీదే లెక్క పెట్టుకున్నారు, వాళ్లింట్లో కాఫీ కూడా తాగి వచ్చాడు. తెల్లవారేసరికి ఆ పెద్దాయన ఆసుపత్రిలో చేరారు, వారం తిరగకుండా పోయారు. కొడుకులు “మాకు నాన్న ఏమీ చెప్పలేదు” అన్నారు. వాళ్లు అబద్ధం ఆడుతున్నారని అన్నయ్య కూడా గట్టిగా అనలేడు. ఆయన చెప్పి ఉండకపోవచ్చు.

కోర్టుకు వెళ్లవచ్చు కదా అంటారా? బెంగళూరులో ఒక ఆస్తికి అడ్వాన్సుగా 75 లక్షలు నగదు ఇచ్చామన్న దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో ఆ కేసులో కోర్టు ఏమందంటే, రెండు లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని ఎవరు దావా వేసినా ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలి. అలాంటి నగదు చెల్లింపు రాసిన దస్తావేజు వస్తే సబ్ రిజిస్ట్రార్ కూడా తెలియజేయాలి. మీ డబ్బు కోసం మీరు వేసిన దావాయే మీ మీద ఫిర్యాదు అవుతుంది.

6. టీడీఎస్ మినహాయించుకోండి

టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేటప్పుడే అందులోంచి పన్ను మినహాయించడం. ధర గానీ ప్రభుత్వ విలువ గానీ 50 లక్షలు, అంతకు మించి ఉంటే, చెల్లించే ప్రతి విడత నుంచీ 1 శాతం మీరే మినహాయించుకుని ప్రభుత్వానికి కట్టాలి. 80 లక్షలకు 80 వేలు. ఇది మీ అదనపు ఖర్చు కాదు, అమ్మేవారికి ఇచ్చేదాంట్లోంచే. ఈ మాట బేరం రోజే చెప్పండి. చివర్లో చెప్తే గొడవ.

ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో ‘ఈ-పే ట్యాక్స్’లోకి వెళ్లి, 26క్యూబీ అని అందరికీ అలవాటైన చలానా నింపి కట్టాలి. మినహాయించిన నెల ముగిశాక 30 రోజులు గడువు. దీనికి టాన్ (టీడీఎస్ కట్టేవారు విడిగా తీసుకునే నంబరు) అక్కర్లేదు, పాన్ చాలు. కొనేవారు ఇద్దరు, అమ్మేవారు ఇద్దరు అయితే ఎవరి వాటా ప్రకారం వారికి నాలుగు చలానాలు వేయాలి.

కట్టే ముందు అమ్మేవారి పాన్ ఆధార్‌తో లింకయిందో లేదో చూడండి. లింకు కాని పాన్ పనిచేయని పాన్ కింద లెక్క. అప్పుడు 1 శాతం కాదు, 20 శాతం మినహాయించాలి. ఇది తెలియక 1 శాతమే కట్టి, తర్వాత లక్షల్లో బాకీ నోటీసు అందుకున్న కొనుగోలుదారులు తక్కువేమీ కాదు.

అమ్మేవారు విదేశంలో ఉంటే ఈ 1 శాతం పద్ధతి వర్తించదు. చాలా ఎక్కువ మినహాయించాలి, పద్ధతి కూడా వేరు. ఆడిటర్‌కు ఫీజు ఇచ్చి చేయించుకోండి, సొంతంగా ప్రయత్నించకండి.

7. రిజిస్ట్రేషన్ రోజు

దస్తావేజు చిత్తు ముందు రోజే తెప్పించుకుని చదవండి. డాక్యుమెంట్ రైటర్లు పాత దస్తావేజు మీదే పేర్లు మార్చి, ‘పూర్తి పైకము నగదుగా ముట్టినది’ అన్న పాత వాక్యాన్ని అలాగే ఉంచేస్తారు. మీరు ప్రతి పైసా బ్యాంకు ద్వారా ఇచ్చినా ఆ ఒక్క వాక్యం మిమ్మల్ని ఇరికిస్తుంది. దాని బదులు ప్రతి చెల్లింపు నంబరు, తేదీ, బ్యాంకు పేరుతో రాయించండి. టీడీఎస్ చలానా వివరం కూడా.

చివరి విడత డీడీ లేదా బ్యాంకు ఇచ్చే చెక్కు రూపంలో, సంతకాలు అవుతుండగా చేతికి ఇవ్వండి.

తరచుగా జరిగే పొరపాట్లు

“19 వేల చొప్పున నాలుగు సార్లు ఇస్తే పర్వాలేదట.” కుదరదు. ముందు తీసుకున్నదీ ఇప్పుడు తీసుకుంటున్నదీ కలిపి చూస్తారు. “రోజుకు లక్షా తొంభై వేలు ఇస్తే?” అదీ కుదరదు. రెండు లక్షల నగదు పరిమితి ఒక రోజుకే కాదు, ఒకే లావాదేవీకీ వర్తిస్తుంది.

“జరిమానా తీసుకున్నవాడికే కదా, నాకేమిటి?” అంటారు కొందరు. అమ్మినవారి ఇంట్లో డైరీ దొరికిన రోజు, అందులో మీ పేరు పక్కన 25 అని ఉంటే, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాల్సింది మీరే.

టీడీఎస్ ఆలస్యం చేస్తే మినహాయించి కట్టనందుకు నెలకు 1.5 శాతం వడ్డీ, పైగా రోజుకు 200 రూపాయల రుసుము. చలానాలో అమ్మేవారి పాన్ ఒక్క అక్షరం తప్పు పడినా వారి ఖాతాలో చేరదు. తప్పు పడితే ట్రేసెస్ అనే పన్ను శాఖ టీడీఎస్ వెబ్‌సైట్‌లో సవరించుకోవచ్చు, ఓపిక ఉండాలి.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

రెండు మూడు వారాల తర్వాత నాలుగు చోట్ల చూడండి.

కొత్త ఈసీ తీయండి. అందులో మీ పేరు, దస్తావేజు నంబరు, మీరు రాయించిన ధర కనిపించాలి. ప్రభుత్వ విలువ పక్కనే ఇంకో అంకె ఉంటే కంగారు పడకండి, రెండూ చూపిస్తారు.

ట్రేసెస్‌లో టీడీఎస్ సర్టిఫికెట్ దించుకుని అమ్మినవారికి పంపండి. 26ఏఎస్ అని అందరికీ అలవాటైన వారి పన్ను ఖాతా వివరాల్లో మొత్తం చేరిందో లేదో ఒక మాట అడగండి.

పెద్ద మొత్తాల రిజిస్ట్రేషన్లను సబ్ రిజిస్ట్రార్ పన్ను శాఖకు నివేదిస్తారు. కాబట్టి కొంతకాలానికి మీ వార్షిక సమాచార నివేదికలో (ఏఐఎస్) ఈ కొనుగోలు కనిపిస్తుంది. ఆ అంకె మీ దస్తావేజుతో సరిపోవాలి. తేడా ఉంటే అక్కడే అభిప్రాయం నమోదు చేసే వీలుంది.

చివరిగా మీ బ్యాంకు స్టేట్‌మెంటు. అందులోంచి వెళ్లిన విడతలు, టీడీఎస్, లోను మొత్తం కూడితే దస్తావేజులోని ధర రూపాయి తేడా లేకుండా రావాలి. వస్తే ఆ స్టేట్‌మెంటు, అగ్రిమెంటు, చలానాలు, మొదటి రోజు లెక్క వేసిన ఆ తెల్ల కాగితం, అన్నీ ఒకే ఫైలులో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో మరొకరికి చూపించండి.